బొమ్మ గీస్తే చాలదు, గీత గీసి చూడాలి



డిగ్రీలో ఉండగా మేము క్యాన్సర్ కణం బొమ్మను రికార్డులో ఎన్నోసార్లు గీశాం. రంగు పెన్సిళ్లతో భాగాలు గుర్తించాం. సంతకం పడింది, మార్కులు పడ్డాయి. కణాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. సైన్సంటే ఇంతే కాబోలు అనుకున్నాం. పీజీకి వచ్చాక తెలిసింది, అది సగమే అని.

క్యాన్సర్ గడ్డ పుట్టినచోటే ఉంటే చాలాసార్లు కోసి తీసేయవచ్చు. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా దాని వ్యాప్తే. కణాలు కదిలి ఊపిరితిత్తులకో, కాలేయానికో, ఎముకలకో చేరతాయి. మరి ఆ నడకను కొలిచేదెలా?

తేలికైనది గీత పరీక్ష. పళ్లెంలో కణాలను ఖాళీ లేకుండా ఒకే పొరగా పెంచుతారు. పిపెట్ మొనతో మధ్యలో గీత గీస్తారు. వెంటనే ఒక ఫొటో, 24 గంటలకు మరొకటి తీసి, గీత ఎంత పూడిందో కొలుస్తారు. ఇక్కడే ఒక అనుమానం రావాలి. కణాలు నడిచొచ్చి పూడ్చాయా, లేక సంఖ్య పెరిగి పూడ్చాయా? అందుకే కణ విభజనను ఆపే మందు కలిపి మళ్లీ చూస్తారు. ఈ అనుమానం పేరే సైన్సు. బొమ్మ గీస్తే అది రాదు.

రెండోది స్టీఫెన్ బాయ్‌డెన్ 1962లో తెల్ల రక్తకణాల కోసం చేసిన రెండు గదుల పద్ధతి. మధ్యలో సన్నని రంధ్రాల పొర ఉంటుంది. పై గదిలో కణాలు, కింద వాటిని ఆకర్షించే పోషకాలు. క్యాన్సర్ కణాలకైతే తరచుగా 8 మైక్రాన్ల రంధ్రాలు వాడి, ఎన్ని దాటాయో లెక్కపెడతారు. పొరపై ప్రోటీన్ల జిగురు పూస్తే, దారి తొలుచుకుపోయే శక్తి కూడా తెలుస్తుంది.

ప్రయోగశాలల్లో విరివిగా వాడే హీలా కణాలు ఎవరివో తెలుసా? హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీవి. ఐదుగురు పిల్లల తల్లి. 1951లో బాల్టిమోర్ ఆసుపత్రిలో ఆమెను అడగకుండానే తీసుకున్నారు. ఆ ఏడాదే ఆమె చనిపోయింది. శాంపిల్ ఇచ్చే వరుసలో మనలాంటి వాళ్లు ఎప్పుడూ ఉన్నారు. మైక్రోస్కోపు ముందు కుర్చీలోనూ ఉండాలన్నదే మా మాట.

తమ్ముళ్లూ, యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా హబ్సిగూడలో దిగవచ్చు. సీసీఎంబీ అక్కడే. ఓపెన్ డే పెట్టినప్పుడు వెళ్లి చూడండి. కాలేజీలో బొమ్మ గీయమంటే గీయండి, తర్వాత "సార్, ఒకసారి చూపించండి" అని అడగండి. క్యాన్సర్ కణాలు లేకపోతే ఉల్లిపొరైనా చాలు. అడగందే అమ్మయినా పెట్టదు.