సాక్షి వైద్య రికార్డులు: హద్దు ఎక్కడ?

భిలాయి ఉక్కు కర్మాగారంలో 2018 అక్టోబరు 9న గ్యాస్ పైపులైను పేలి పదిమందికి పైగా మరణించారు. క్షతగాత్రులకు కర్మాగారం నడిపే సెక్టార్-9 ఆసుపత్రిలోనే చికిత్స జరిగింది. ఇటువంటి దుర్ఘటనపై క్రిమినల్ కేసు నడిస్తే, బతికి బయటపడిన కార్మికుడే కీలక సాక్షి. అతడి వైద్య రికార్డులు మాత్రం యాజమాన్యం ఆసుపత్రిలో ఉంటాయి.

భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షను కింద వాటిని తెప్పించే అధికారం కోర్టుకుంది. అయితే అభియోగాల ఖరారు దశలో నిందితుడు పత్రాలను హక్కుగా కోరజాలడని, పాత చట్టం 91వ సెక్షనుపై 2004లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో ప్రకటించింది.

సాక్షి చూపుపై సందేహముంటే రికార్డు అవసరమే. అప్రతిష్ఠపాలు చేసేందుకు పాత జబ్బులన్నీ తవ్వడం న్యాయం కాదు. న్యాయమూర్తి ముందుగా పరిశీలించి, కేసుకు సంబంధించినంత మేరకే ఇరుపక్షాలకూ ఇవ్వడం సముచితం.