విహారం: రుషికొండ తీరం

సంస్కృతం నుంచి వచ్చిన ‘విహారం’ అన్న పదానికి తెలుగులో రెండర్థాలు స్థిరపడ్డాయి. ఉల్లాసం కోసం తిరుగాడటం ఒకటి. బౌద్ధ భిక్షువుల నివాసం మరొకటి. మొదటిది భోగానికీ, రెండవది విరాగానికీ సంబంధించినవి కనుక ఇవి ఒకదానితో ఒకటి పొసగవని పైపైన చూసేవారికి తోచవచ్చు. కాని విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు సాగే సముద్రతీర మార్గంలో ఈ రెండర్థాలూ ఇరుగుపొరుగున కనిపిస్తాయి. సెలవునాడు రుషికొండ ఇసుకలో కేరింతలు కొట్టే జనం మొదటి విహారానికి నిదర్శనం. అక్కడికి సమీపంలోనే ఉన్న తొట్లకొండ, బావికొండల మీది శిథిలాలు రెండవ విహారానికి సాక్ష్యం. సుమారు రెండువేల ఏళ్ల కిందట ఆ కొండలమీద నివసించిన భిక్షువులు కూడా ఈ సముద్రాన్నే చూస్తూ కాలం గడిపారు.

ఆ భిక్షువులు స్థలాన్ని ఎంచుకున్న తీరు గమనించదగినది. ఎదురుగా సముద్రం, వెనుక తూర్పు కనుమలు, ఊరికి అందుబాటులో ఉంటూనే ఊరి సందడికి దూరమైన ఎత్తు. త్రాగునీటి కోసం వారు రాతిని తొలిచి తొట్లు కట్టుకొని, కొండమీద కురిసిన వానను కొండమీదనే నిలుపుకొన్నారు. ఆ తొట్లవల్లనే తొట్లకొండకు ఆ పేరు వచ్చింది; బావులవల్ల బావికొండకు ఆ పేరు వచ్చింది. 1970 దశకంలో నౌకాదళం వారి సర్వేలో తొట్లకొండ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. తరువాత పురావస్తుశాఖ త్రవ్వకాలలో స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదులు బయటపడ్డాయి. ఆ గదులు చాల చిన్నవి. మనిషికి కావలసినంత మేరకే కొండను తొలిచినవారు వారు.

కావ్యకర్తలకు కూడా విహారం అప్రధానమైన విషయం కాదు. మహాకావ్యంలో ఉండవలసిన వర్ణనలను చెబుతూ దండి తన ‘కావ్యాదర్శం’లో నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానవనం, జలక్రీడ మొదలైనవాటిని పేర్కొన్నాడు. తెలుగు ప్రబంధకవులు వీటినే అష్టాదశ వర్ణనలుగా పాటించారు. ఈ జాబితాలో ప్రకృతికి సంబంధించినవన్నీ ఒక్క రుషికొండ పరిసరాలలోనే దొరుకుతాయి. కావ్యం రాయదలచిన వానికి ఇంతకంటె అనుకూలమైన చోటు అరుదు. (రాసేవారే కరవైనారు.)

పెద్దన ‘మనుచరిత్ర’లోని ప్రవరుడు తెలుగు సాహిత్యంలో అందరికీ తెలిసిన యాత్రికుడు. ఇంటికి వచ్చిన తైర్థికులను ఏయే దేశాలు చూశారో అడిగి తెలుసుకోవటం అతనికి వేడుక. సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో క్షణంలో హిమాలయం చేరి, ఒక్కపూటలో అంతా చూసి తిరిగి వద్దామనుకొన్నాడు. మంచుకు లేపం కరిగిపోయింది, తిరుగుదారి మూసుకుపోయింది. ఆ కథలోని ధర్మచర్చ అటుంచి, అతని ప్రయాణపు పద్ధతి మాత్రం నేటి యాత్రికులకు బాగా పరిచితమైనదే. ఉదయం బయలుదేరి, కైలాసగిరిమీద పావుగంట, రుషికొండలో అరగంట, భీమిలిలో ఛాయాచిత్రాలు, మధ్యాహ్న భోజనానికి తిరిగి నగరం! నేటి పాదలేపం పెట్రోలుతో నడుస్తుంది. ఇలా చూసినవారికి సముద్రం గుర్తుంటుంది గాని తీరం గుర్తుండదు. కాలినడకన వెళ్లేవారికే ఇసుక రంగు మారటం, రాళ్లమధ్య పీతల సంచారం, మంగమారిపేట దగ్గర అలలూ గాలీ తొలిచిన సహజ శిలాతోరణం కంటబడతాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేల సంవత్సరాలపాటు గాలి, నీరు, సముద్రమట్టాల హెచ్చుతగ్గులు కలిసి రూపొందించినవి. వాటిని 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్చారు. నగరాన్ని ఆనుకొని సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉన్నది. అందులో చిరుతపులులు తిరుగుతాయి. నౌకాశ్రయం, ఉక్కు కర్మాగారం ఉన్న మహానగరానికి ఇంత దగ్గరలో ఇంత అడవి మిగలటం విశేషం.

ఇక జలక్రీడ సంగతి. దీనిని కావ్యాలలో చదివి ఆనందించటం వేరు, రుషికొండ అలలలో దిగటం వేరు. పరీక్షలు ముగిసిన మర్నాడో, పండుగ సెలవులలోనో స్నేహితులతో సముద్రస్నానానికి వెళ్లిన విద్యార్థులు తిరిగి రాలేదన్న వార్త విశాఖ పత్రికలలో ఎన్నోసార్లు వచ్చింది. అటువంటివారిలో ఈత వచ్చినవారు కూడా ఉన్నారు. ప్రమాదం అల ఎత్తులో లేదు. వెనుదిరిగే నీటిలో ఉన్నది. అలలు ఒడ్డుకు చేర్చిన నీరు మళ్లీ సముద్రంలోకి పోవటానికి నీటి అడుగున ఉన్న ఇసుకమేటల మధ్య సందులు వెదుక్కొంటుంది. ఆ సందులలో ఇరుకుగా, వడిగా సాగే ప్రవాహాన్ని శాస్త్రజ్ఞులు రిప్ కరెంటు అంటారు. అక్కడ అలలు తక్కువగా విరుగుతాయి. నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. స్నానానికి అనువైన చోటని అమాయకులు దిగేది సరిగ్గా అక్కడే. ఆ ప్రవాహం మనిషిని లోతుకు లాగదు. ఒడ్డునుంచి దూరంగా తీసుకొనిపోతుంది. దానికి ఎదురీదినవాడు అలసిపోయి మునుగుతాడు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటిన పిమ్మట ఒడ్డుకు మళ్లినవాడు బయటపడతాడు. ఈత రానివారికి ఈ ఉపాయం కూడా లేదు కనుక వారు మోకాలి లోతు దాటకపోవటమే క్షేమం. ఎర్రజెండా పాతినచోట దిగటం ధైర్యం అనిపించుకోదు. తరతరాలుగా ఈ సముద్రం మీదనే బ్రతికే జాలరులు తెప్పను నీటిలోకి నెట్టేముందు కాసేపు నిలబడి నీటి పోకడను చూస్తారు. చదువుకొన్నవారు వారిని చూసి నేర్చుకోవలసినది ఇదే.

పరిశుభ్రత విషయంలో రుషికొండకు కీర్తీ అపకీర్తీ రెండూ దక్కాయి. డెన్మార్కు కేంద్రంగా పనిచేసే పర్యావరణ విద్యాసంస్థ ఇచ్చే నీలిజెండా గుర్తింపు, 2020లో భారతదేశంలో ఎనిమిది తీరాలకు లభించగా, వాటిలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినది రుషికొండ ఒక్కటే. నీటి నాణ్యత, భద్రత, నిర్వహణ మొదలైన 33 ప్రమాణాలు దానికి ఆధారం. 2025 తొలి నెలలలో నిర్వహణ లోపాలవల్ల ఆ జెండాను దించవలసి వచ్చింది. లోపాలు సరిదిద్దిన తరువాత తిరిగి ఎగురవేశారు. చెత్త ఏరేవారు తెల్లవారుజామున వచ్చి శుభ్రం చేస్తే, మధ్యాహ్నానికి వచ్చినవారు మళ్లీ సీసాలు, సంచులు పారవేస్తారు. జెండా అధికారుల నిర్లక్ష్యంతోనే దిగిందని చెప్పటం సగం సత్యమే.

ఇసుకను మళ్లీ శుభ్రం చేయవచ్చు. కొండ అలా కాదు. రుషికొండ మీద ఉండిన పర్యాటక విడిదిగృహాలను 2021లో తొలగించి, కొండను తొలిచి పెద్ద భవనాలు నిర్మించారు. ఆ వివాదం రాష్ట్ర ఉన్నత న్యాయస్థానానికి, హరిత ట్రిబ్యునల్‌కు, సర్వోన్నత న్యాయస్థానానికి కూడా వెళ్లింది. 2024లో భవనాలు ప్రారంభమైనాయి. వాటిని ఏ పనికి వాడాలన్న చర్చలో రాజకీయ పక్షాలకు ఆసక్తి ఉండవచ్చు. తొలిచిన కొండవాలు మాత్రం ఏ పక్షం వచ్చినా పూర్వరూపానికి రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ప్రాంతపు చెట్లను కూలదోసింది. ఆ చెట్లలో చాలవరకు మళ్లీ చిగిర్చాయి, కొత్తవి నాటారు. కొండను నాటే విద్య మాత్రం ఎవరికీ తెలియదు.

ధనవంతులకు వనవిహారం మరొకచోట దొరుకుతుంది. సాధారణ కుటుంబాలకు ఖర్చులేని సంతోషం ఈ తీరమే. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు నీడ వెదుక్కొంటూ వనభోజనాలకు బయలుదేరేవారు, ఆషాఢ పూర్ణిమకు సింహాచలం కొండచుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచి గిరిప్రదక్షిణ చేసేవారు ఉత్తరాంధ్రలో లక్షలమంది. అడవిలో వండుకొని తిని, పొయ్యి ఆర్పి, ఆకులు పోగుచేసి వచ్చే అలవాటు వారికి పెద్దలు నేర్పినదే. ఏటా శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు చీకటిలో ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి. అటవీశాఖవారు ఆ గుడ్లను సేకరించి, కంచెవేసిన చోట కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదులుతారు. గుడ్డునుంచి వెలువడిన పిల్లకు దారి చూపేది సముద్రంమీది వెలుగే. ఒడ్డున విద్యుద్దీపాలు ఎక్కువైతే అది దారితప్పి రోడ్డువైపు పాకుతుంది.