ట్యాంకు అంటే చెరువేనా?

ఆంగ్లభాషలో ‘ట్యాంకు’ చిన్న మాట. దాని అర్థాలు మాత్రం అనేకం. మేడపై నీరు నిలిపేది ట్యాంకు. మోటారు వాహనంలో ఇంధనం నింపేది ట్యాంకు. రంగురంగుల చేపలను పెంచే గాజుతొట్టి ట్యాంకు. రణరంగంలో గుండ్లు కురిపించే ఉక్కుశకటమూ ట్యాంకే. విధానాలపై ఆలోచన చేసే మేధావుల సంస్థను ‘థింక్ ట్యాంకు’ అంటారు. ఇక మన నీటిపారుదల శాఖ ఆంగ్ల దస్త్రాలలో ట్యాంకు అంటే చెరువు.

ఈ పదచరిత్ర ఆసక్తికరమైనది. నేలలో కట్టిన నీటితొట్టిని తెలిపే గుజరాతీ, మరాఠీ మాటలు, మడుగును తెలిపే పోర్చుగీసు మాట ఆంగ్లంలో ఈ రూపం పొందడానికి కారణమై ఉంటాయని పలువురు భాషావేత్తల అభిప్రాయం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషువారు కొత్త యుద్ధశకటాన్ని రహస్యంగా నిర్మిస్తూ, గుట్టు బయటపడకుండా దానిని నీటితొట్టి అని చెప్పుకున్నారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో ఆ శకటాలు తొలిసారి కదిలాయి. మారుపేరే అసలుపేరుగా స్థిరపడింది.

ఒక పదానికి ఎన్ని అర్థాలున్నా దోషం లేదు. సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుంది. అయితే పరభాషాపదం మన పదం స్థానంలో కూర్చున్నప్పుడు, పాత పదం మోసిన అనుభవాన్ని కూడా అది మోస్తున్నదా అని విచారించాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాలు వానచినుకును నమ్ముకున్న నేలలు. ఇక్కడి పూర్వులు వాగులకు అడ్డంగా కట్టలు పోసి నీటిని నిలిపారు. నల్లగొండ చెంతనున్న పానగల్లులోని ఉదయసముద్రం కందూరు చోడుల కాలం నాటిది. వనపర్తి సంస్థానాధీశులు నిర్మించిన ఏడు చెరువులకు సప్తసముద్రాలని పేరు. శ్రీరంగాపురంలోని రంగసముద్రం వాటిలో ఒకటి. చెరువును సముద్రమని పిలుచుకోవడంలోనే కరవునేలకు నీటిపై గల గౌరవం తెలుస్తుంది.

చెరువు అన్న మాట వెంట ఒక పదకుటుంబమే నడిచి వస్తుంది. నీటిని ఆపేది కట్ట, పొలానికి వదిలేది తూము, మిగులు నీటిని సాగనంపేది మత్తడి. నీరు పరచుకునే నేల శిఖం, ఆ నీటితో పండే భూమి ఆయకట్టు, నీటిని పంచేవాడు నీరటికాడు. ఒక చెరువు మత్తడి దూకితే దిగువ చెరువు నిండేది గొలుసుకట్టు. ఆయకట్టుకు సరియైన మాట దొరకక ఆంగ్ల దస్త్రాలే ఆ పదాన్ని యథాతథంగా స్వీకరించాయి.

ట్యాంకు అనగానే నేటి యువతకు స్ఫురించేది నాలుగు గోడల పాత్ర. చెరువును అటువంటి పాత్రగా భావించేవారికి, వేసవిలో ఎండిన శిఖం ఖాళీస్థలంగా, నీరు వచ్చే వాగు పనికిరాని గుంతగా, అడుగున చేరిన పూడిక చెత్తగా కనిపిస్తాయి. శిఖంలో ఇండ్లు లేస్తాయి. వాగు పూడుతుంది. గొలుసు తెగుతుంది. రైతు దృష్టిలో ఆ పూడిక పొలానికి బలం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు చెరువుమట్టిని పొలాలకు తోలుకోవడం ఆ తెలివికి నిదర్శనం.

కాలం మారిందని, కుళాయి నీరు వచ్చాక చెరువుతో పనేమిటని కొందరు వాదించవచ్చు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. అంతకు మించిన భూగర్భజలం తాగి నల్లగొండ పల్లెల్లో ఎందరో ఎముకలు వంగి బాధపడ్డారు. వారికి సురక్షిత జలాన్ని చేర్చిన ఎత్తైన ట్యాంకు మేలును ఎవరూ కాదనలేరు. కాని నల్లగొండకు తాగునీటినందించే కృష్ణాజలాలు నిలిచేది పానగల్లు ఉదయసముద్రంలోనే. చెరువు నిండితేనే ట్యాంకు నిండుతుంది.

కనుక ట్యాంకు అన్న మాటను వెలివేయనక్కరలేదు. మేడమీది తొట్టిని ట్యాంకు అనవచ్చు. చెరువును మాత్రం చెరువనే పిలవాలి. ఆంగ్లపదానికి గల అర్థాలన్నీ నేర్చే విద్యార్థి, తన ఊరి చెరువుకు తూమెక్కడ, మత్తడి ఎక్కడ, శిఖం ఎంతవరకో కూడా తెలుసుకోవాలి. ఆ మాటలు తెలిసినవాడే ఆ హద్దులను కాపాడగలడు.