అన్‌నోన్ ఆర్టిస్ట్!

ఈ వారం కొత్త సినిమా కబుర్లు లేవు. హీరోయిన్ పెళ్ళి కబురు అంతకన్నా లేదు. అలాగని పేజీ తిప్పెయ్యకండి బాబూ! పాటల సంగతే చెప్పబోతున్నాను. మీరంతా చెవుల్లో దూర్చుకు తిరిగే పాటల సంగతే.

మా ఇంట్లో ఓ బీరువా ఉంది. అందులో చీరలు లేవు, నగలు అసలే లేవు. రెండొందల పైచిలుకు సీడీలున్నాయి. మొన్న సెలవులకి మా అన్నయ్య కొడుకు వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. అంచేత వాడికి తెలియనిది లేదు. బీరువా తలుపు తీసి, మ్యూజియంలో మమ్మీని చూసినట్టు చూశాడు.

"ఇవన్నీ ఫోన్లో ఉన్నాయి కదా బాబాయ్! ఇంకా ఈ పళ్ళేలెందుకు?"

పళ్ళేలట! వినండి వరస!

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. ఫోన్లో చాలా పాటలున్నాయి. కానీ పోయిన ఏడాది నేను రోజూ వినే ఓ సినిమా పాటలు ఒక పొద్దున్నే పలకడం మానేశాయి. పేర్లున్నాయి, బూడిదరంగులో. నొక్కితే ఉలకవు. హక్కులవాళ్ళకీ, ఫోన్లో పాటలిచ్చేవాళ్ళకీ మధ్య ఒప్పందం అయిపోతే అంతే. మనకెవరూ ఉత్తరం రాయరు. బీరువాలో ఉన్న సీడీకి అలాంటి పేచీ లేదు. కాకపోతే లేచి వెళ్ళి తియ్యాలి, పెట్టాలి, మార్చాలి. నా మోకాళ్ళు దానికి ఒప్పుకోవు. అందుకే ఉన్న సీడీలన్నీ కంప్యూటరులోకి దింపి, హాల్లో స్పీకర్లకి పంపే ఏర్పాటు మొదలెట్టాను.

దీన్ని 'రిప్పింగు' అంటారు. చింపడం కాదండోయ్! సీడీ అంటే అంకెల మూట. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, కుడి స్పీకరుకీ ఎడమ స్పీకరుకీ విడివిడిగా రాసిపెట్టిన లెక్క అది. 1982లో బజారుకొచ్చినప్పటినించీ ఆ లెక్క మారలేదు. ఆ అంకెల్ని ఒక్కటీ పోకుండా తీసుకోవడమే రిప్పింగు. దాన్ని ఎమ్‌పీ3గా మారిస్తే తక్కువ చోటు పడుతుంది గానీ, చెవి గమనించదనుకున్నదాన్ని కత్తిరించి పారేస్తుంది. ఫ్లాక్ అని 2001లో వచ్చిన పద్ధతి ఉంది. అది పరుపుని చుట్టచుట్టినట్టు చుడుతుంది, విప్పితే దూదిపింజ కూడా తగ్గదు. గంటసేపు పాటలున్న సీడీ అసలు 600 ఎమ్‌బీ పైనే ఉంటుంది. ఫ్లాక్‌లో సుమారు సగానికి వస్తుంది. నా బీరువా మొత్తం వంద జీబీలో ఇమిడిపోయింది. మీ ఫోన్లో ఫోటోలే అంతకన్నా ఎక్కువుంటాయి!

మామూలు సీడీ ప్లేయరుకీ దీనికీ ఓ తేడా ఉంది. గీత పడ్డచోట ప్లేయరు చదవలేకపోతే, అటూ ఇటూ చూసి మధ్యలో ఉజ్జాయింపుగా ఏదో పెట్టేసి సాగిపోతుంది. పరీక్షలో మనవాళ్ళు రాసినట్టు! 'ఎగ్జాక్ట్ ఆడియో కాపీ' లాంటి ప్రోగ్రాము అలా ఒప్పుకోదు. మళ్ళీ మళ్ళీ చదువుతుంది. అదే సీడీని ప్రపంచంలో ఇంకెవరైనా దింపి ఉంటే వాళ్ళకొచ్చిన లెక్కతో నీ లెక్క సరిచూస్తుంది. కలిస్తే మీ కాపీ సిసలైనదన్నమాట.

ఇక పేర్ల గొడవ. సీడీలో పాట పేరు, పాడినవారి పేరు సాధారణంగా ఉండవు. ఇంటర్నెట్లో ఎవరో రాసిపెట్టిన పట్టికల్లోంచి ప్రోగ్రాము తెస్తుంది. 'మాయాబజార్' సీడీ పెట్టాను. అన్ని పాటలకీ ఘంటసాల పేరే వచ్చింది! 1957లో తెరమీద ఎస్వీ రంగారావు గారు లడ్డూలు మింగుతుంటే తెరవెనక పాడిన మాధవపెద్ది సత్యం గారు ఏమైపోయినట్టు? లీలగారూ, సుశీలగారూ? రాసిన పింగళివారి ఊసే లేదు. సీడీ డబ్బాలోని కాయితం ముందేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో పేరూ టైపు కొట్టాను. ఈ ఒక్క పనికే మూడు వారాలు పట్టింది.

హాల్లో ఏర్పాటు చాలా చిన్నది. మూలనపడ్డ పాత లాప్‌టాపే సర్వరు. అందులో 'లిరియన్' అనే ఉచిత ప్రోగ్రాము. 2003లో వచ్చిన 'స్క్వీజ్‌బాక్స్' అనే పెట్టెకి వాడిన సాఫ్ట్‌వేరు వంశమిది. ఆ పెట్టెల తయారీ 2012లో ఆగిపోయింది. అయినా అభిమానులు సాఫ్ట్‌వేరుని బతికించుకున్నారు. 2024లో ఈ కొత్త పేరు వచ్చింది. స్పీకర్ల దగ్గర అరచేతిలో పట్టే రాస్ప్‌బెరీ పై బోర్డు, దానిమీద అంకెల్ని శబ్దంగా మార్చే ఓ చిన్న కార్డు, అక్కణ్ణించి రెండు వైర్లు నా పాత ఆంప్లిఫయరుకి. అంతే! సౌండు ఫోన్లో తగ్గించకండి, అక్కడ నిండుగా ఉంచి ఆంప్లిఫయరు మీదే తిప్పుకోండి. అన్నట్టు, ఇదంతా సొంత చెవుల కోసమే. ఊరందరికీ కాపీలు పంచితే పాట కట్టినవాడి నోట్లో మట్టి కొట్టినట్టే.

మావాడు ఇదంతా చూసి కాస్త మెత్తబడ్డాడు గానీ ఒప్పుకోలేదు. "అయినా ఫోన్లో లేని పాట ఏముంది బాబాయ్?" అన్నాడు.

లేచివెళ్ళి బీరువా అడుగు అరలోంచి ఓ సీడీ తెచ్చాను. మీద బాల్‌పెన్నుతో 'తెనాలి - వినాయక చవితి - 2001' అని రాసి ఉంది. ఆ ఏడాది పందిట్లో ఆర్కెస్ట్రాతో మా అన్నయ్య పాడిన పాటలు. అన్నీ బాలూ పాటలే. మైకు సెట్టు కుర్రాడు సీడీ చేసిచ్చాడు. అన్నయ్య 2019లో పోయాడు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

కుర్రాడు మాట్లాడలేదు. డ్రైవులో పెట్టాడు.

ఇక్కడో సంగతి. సీడీకి కింద గీతలు పడితే తుడిచి, మెరుగు పెట్టి బతికించొచ్చు. పాటలుండే పొర మాత్రం పైన, పేరు రాసేవైపే, పల్చటి లక్క పూతకింద ఉంటుంది. మనం బాల్‌పెన్నుతో నొక్కి రాసేది సరిగ్గా అక్కడే! పైగా ఇది ఇంట్లో రాసుకునే రకం సీడీ. ఇందులో పాట రంగుపూతలో ఉంటుంది. ఎండకీ వేడికీ అది చెడుతుంది. మా వదిన దీన్ని చాలాకాలం వంటింటి అటక మీద దాచింది. ఆవిడకేం తెలుసు? నాకు మాత్రం తెలుసా? ఆ బాల్‌పెన్ను రాత నాదే.

సీడీ లోపలినించి అంచువైపుకి చదువుతుంది. మొదటి అయిదు పాటలూ చకచకా దిగాయి. ఆరోదానికి నసిగింది. ఎనిమిదో పాటకి మూడు గంటలు పట్టింది. భోజనాలు మానేసి కూర్చున్నాం. తొమ్మిదోది రాలేదు. రెండు డ్రైవులు మార్చాం, వేగం తగ్గించాం, పక్కింటివాళ్ళ కంప్యూటరు కూడా అడిగి తెచ్చాం. అంచు దగ్గర వెలుతురికి పట్టి చూస్తే పూత గోధుమరంగుకి తిరిగింది. అది మంగళం పాడేముందు వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడిన పాట. ఈలలు నాకు గుర్తే. వాడు అప్పటికింకా పుట్టలేదు.

దిగిన ఎనిమిదీ ఆ రాత్రే రెండు చోట్లకి కాపీ చేశాడు. ఒకటి నా దగ్గర, ఒకటి వాళ్ళమ్మ దగ్గర. తరవాత హాల్లో పెట్టాం. ముందు మైకు కీచుమంది. ఎవరో దగ్గారు. తరవాత అన్నయ్య.

పాటయ్యేదాకా వాడు ఫోను ముట్టుకోలేదు. అయ్యాక చూస్తే తెరమీద పాడినవారి పేరు దగ్గర 'అన్‌నోన్ ఆర్టిస్ట్' అని ఉంది. ఇంటర్నెట్టుకి పాపం మా అన్నయ్య ఎలా తెలుస్తాడు? వాడు అది చెరిపేసి వాళ్ళ నాన్న పేరు కొట్టాడు, ఇంటిపేరుతో సహా. ఎనిమిది సార్లు.

"తబలా ఎవరు బాబాయ్?" అన్నాడు.

నాకు గుర్తు రాలేదు. రాత్రి పదకొండింటికి తెనాలికి ఫోను కలిపాం.