తేనె సీసా దగ్గరే గుర్తొచ్చే పొదుపు

మా నాన్నగారి తరం వాళ్ళకి దోర్నాల అంటే వెదురు లారీలు, కలప దుంగలు, ఫారెస్టు వాళ్ళ చెక్‌పోస్టు. 1983లో నల్లమల ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. రాను రాను ఆ లారీల చోట మన కార్లు చేరాయి. మిరపకోతలు అయిపోయి చేతిలో నాలుగు డబ్బులాడితే గుంటూరు, ఒంగోలు వాళ్ళం పోయేది అక్కడికే. తుమ్మలబైలులో జీపెక్కడం, అడవి చూడ్డం, వీలైతే ఇష్టకామేశ్వరి అమ్మవారి దాకా పోయి రావడం.

పోవద్దనడం లేదు. నేనూ పోయాను. అమ్మవారి నుదుట బొట్టు పెడితే మనిషి నుదురులా మెత్తగా తగులుతుందంటారు. నేనూ పెట్టి, ఒక కోరిక కోరుకునే వచ్చాను. (ఏమిటని అడక్కండి.) నా గొడవంతా తిరుగుదారి గురించి.

మా జట్టులో ఒక వదినగారున్నారు. జీపుకి అడిగినంతా మారు మాటాడకుండా ఇచ్చారు. హోటల్లో చల్లారిపోయిన పెసరట్టుకీ ఇచ్చారు. రోడ్డు పక్కన చెంచు ఆవిడ తేనె సీసాలు పెట్టుకుని కూర్చుంటే మాత్రం పొదుపు గుర్తొచ్చింది.

"ఇంతా? బెల్లప్పాకం కాదని నమ్మకమేమిటి? సగానికిస్తావా?"

"గిట్టదమ్మా" అంది ఆవిడ. చివరికి ఇచ్చేసింది. సాయంత్రం కావస్తోంది, మోసుకుపోవడం ఎందుకనుకుందేమో. వదినగారు తన గెలుపు సంగతి మార్కాపురం దాకా చెబుతూనే ఉన్నారు.

ఆ తేనె ఎలా వస్తుందో తెలుసా? కొండచరియకి పట్టిన పట్టు కోసం మనిషి తాడు కట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది బావమరిదేనట! తోడబుట్టినదాని పసుపుకుంకుమలు తన గుప్పిట్లో ఉన్నాయని ఎరిగినవాడు వదలడు కదా. ఆ తాడుకి మనం కట్టిన ఖరీదు సగం!

"టూరిజం వల్ల వాళ్ళకీ పని దొరికిందిగా" అంటారు. కొందరికి దొరికింది, కాదనను. కాని దారి చూపించిన చెంచు కుర్రాడు మట్టిలో పులి అడుగు చూపిస్తే, పులే కనబడలేదని విసుక్కున్నది మా జట్టే.

ఇంకో చిత్రం వినండి. తేనే, చింతపండూ, కుంకుడుకాయలూ ఏరుకుని అమ్ముకునే హక్కు 2006 చట్టం అడవిబిడ్డలకి రాసిచ్చింది. అయినా అడవి బాగుండాలంటే ముందు చెంచుల్ని బయటికి పంపాలని చదువుకున్న వాళ్ళే అంటూంటారు. టిక్కెట్టు కొనుక్కుని, పాటలు పెట్టుకుని, కోతులకి చిప్సు విసురుకుంటూ పోయే మనల్ని మాత్రం ఎవరూ బయటికి పొమ్మనరు. జంతువుల కోసమని రాత్రి తొమ్మిదింటికి ఆ ఘాటురోడ్డు మూసేస్తారు, మంచిదే. పగలు మన నోళ్ళకి గేటేదీ?

వచ్చే నెల మళ్ళీ పోదామంటున్నారు వదినగారు. సరేనన్నాను. తేనె మాత్రం నేనే కొంటాను, కొన్నంతసేపూ ఆవిడ కారు దిగకూడదు.