గల్లాపెట్టె తాళం మనదే, పాస్‌వర్డ్ ఎవరిది?

నేడు ఏ ఊరి బజారుకు వెళ్ళినా ఒకే దృశ్యం కనబడుతుంది. పండ్ల బండి మీద క్యూఆర్ కోడ్, మటన్ దుకాణంలో త్రాసు పక్కన క్యూఆర్ కోడ్, దర్జీ కుట్టుమిషను మీద క్యూఆర్ కోడ్. సొమ్ము జమ అయిందని చెప్పే సౌండ్‌బాక్సు ఉదయం నుండి రాత్రి వరకు మోగుతూనే ఉంటుంది. 2016లో మొదలైన యూపీఐ ఇంత తక్కువ కాలంలో చిరువ్యాపారి దినచర్యలో భాగమైపోయింది. ఇది చూసి మన వ్యాపారాలు డిజిటల్ యుగంలోకి అడుగుపెట్టాయని సంతోషించేవారు చాలామంది ఉన్నారు.

ఆ సంతోషానికి ముందు యజమాని తనను తాను కొన్ని ప్రశ్నలు అడుగుకోవాలి. ఆ సొమ్ము జమ అయ్యే ఖాతా ఎవరి పేర ఉంది? జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది? పన్ను శాఖ పంపే సందేశాలు ఎవరి మొబైల్‌కు వెళుతున్నాయి? గత రంజాన్ మాసంలో ఎంత అమ్మకం జరిగిందో, అందులో ఎంత అరువు మిగిలిందో కాగితం చూసి చెప్పగలమా? చాలా దుకాణాలలో వీటికి వచ్చే సమాధానం ఒక్కటే: "అబ్బాయికి తెలుసు", లేదా "అకౌంటెంట్ చూసుకుంటాడు". గల్లాపెట్టె తాళంచెవిని ఎన్నడూ నడుము నుండి వదలని వ్యాపారి, అంతకన్నా విలువైన తాళంచెవిని ఎవరికో అప్పగించి నిశ్చింతగా కూర్చుంటున్నాడు. నేను డిజిటల్ నాయకత్వం అంటున్నది ఈ తాళంచెవిని యజమాని తిరిగి తన చేతిలోకి తీసుకోవడాన్నే.

ఈ విషయం మన సముదాయానికి ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. ముస్లిం శ్రామికులలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారి వాటా ఇతరులకన్నా ఎక్కువని 2006లో సచార్ కమిటీ నివేదిక స్పష్టం చేసింది. ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగాలలో మన ప్రాతినిధ్యం తక్కువ కావడం ఇందుకు ఒక కారణం. వెల్డింగ్ షాపు, మెకానిక్ షెడ్డు, ఫర్నిచర్ పని, పండ్ల వ్యాపారం, గాజుల కొట్టు, బేకరీ, కుట్టుపని: మన కుటుంబాల పొయ్యి వెలుగుతున్నది వీటి మీదనే. పిల్లల ఫీజు, అమ్మాయి పెళ్ళి, తల్లిదండ్రుల వైద్యం అన్నీ ఆ దుకాణం నుండే రావాలి. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిర్వచనం ప్రకారం యంత్రసామగ్రిపై పెట్టుబడి రెండున్నర కోట్లకు, వార్షిక టర్నోవర్ 10 కోట్లకు మించనిది సూక్ష్మ సంస్థ. మన వ్యాపారాలలో అత్యధికం ఆ గీతకు ఎంతో దిగువన ఉన్నవే. ఇంత చిన్న వ్యాపారానికి ఒక్క దెబ్బ తగిలితే తట్టుకునే శక్తి ఉండదు.

ఆ దెబ్బ ఎలా తగులుతుందో పొరుగు రాష్ట్రమైన కర్ణాటక 2025 జులైలో చూపించింది. యూపీఐ ద్వారా వచ్చిన సొమ్ము లెక్కల ఆధారంగా అక్కడి వాణిజ్య పన్నుల శాఖ వేలాది చిరువ్యాపారులకు నోటీసులు పంపింది. కూరగాయల వ్యాపారులు, టీ దుకాణదారులు, బేకరీ వారు సైతం అందులో ఉన్నారు. తాజా కూరగాయలపై జీఎస్టీ లేదు. అయినా తాను అమ్మినవి కూరగాయలేనని, ఖాతాలోకి వచ్చిన సొమ్ములో కొంత చేబదులు తిరిగి వచ్చినదని, కొంత బంధువులు పంపినదని నిరూపించుకునే కాగితం వ్యాపారి చేతిలో లేదు. బెంగళూరు బజార్లలో ఎందరో క్యూఆర్ కోడ్‌లు తీసేసి, నగదు మాత్రమే ఇవ్వమని బోర్డులు పెట్టారు. చివరకు ముఖ్యమంత్రి జోక్యం చేసుకోవలసి వచ్చింది.

ఈ సంఘటన నుండి కొందరు "నగదే మేలు" అన్న పాఠం నేర్చుకున్నారు. అది సరైన పాఠం కాదని నా అభిప్రాయం. క్యూఆర్ కోడ్ తీసేసిన దుకాణం నుండి కొనుగోలుదారు పక్క దుకాణానికి వెళతాడు. అంతేకాక బ్యాంకు అప్పు కావలసినప్పుడు మన వ్యాపారానికి సాక్ష్యం చెప్పేది ఆ ఖాతా పుస్తకమే. సొంత ఖాతా, వ్యాపార ఖాతా కలిసిపోవడమే అక్కడ చాలామందికి చిక్కు తెచ్చిపెట్టింది. వ్యాపారానికి విడిగా ఒక ఖాతా, కొన్న సరుకుకు బిల్లు, రోజువారీ అమ్మకాలకు ఒక పద్దు ఉంటే ఆ నోటీసుకు ఒక పేజీలో జవాబు వ్రాయవచ్చు. జీఎస్టీ నమోదుకు టర్నోవర్ పరిమితి సరుకుల విషయంలో చాలా రాష్ట్రాలలో 40 లక్షలు, సేవల విషయంలో 20 లక్షలు. ఏడాది మధ్యలో ఆ పరిమితికి ఎంత దూరంలో ఉన్నామో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. నెలకొకసారి లెక్క చూసుకునే అలవాటు చాలు.

రెండవ ప్రమాదం ఇంకా నిశ్శబ్దంగా వస్తుంది. ఎక్కడో ఎవరినో మోసం చేసిన సైబర్ నేరగాడు ఆ సొమ్ములో ఐదు వందలు పెట్టి మన దుకాణంలో సరుకు కొంటాడు. ఆ సొమ్ము ఏ ఖాతాలకు వెళ్ళిందో వెతుకుతూ మరో రాష్ట్రపు పోలీసులు బ్యాంకుకు లేఖ పంపుతారు. మర్నాడు ఉదయం మన ఖాతా స్తంభించిపోతుంది. ఐదు వందల కోసం ఖాతాలోని లక్ష రూపాయలు ఆగిపోయిన సందర్భాలు దేశమంతటా ఉన్నాయి. పోలీసులు కోరిన మొత్తానికి మాత్రమే ఆ స్తంభనను పరిమితం చేయాలని 2023లో కేరళ హైకోర్టు బ్యాంకులను ఆదేశించింది. ఈ సంగతి తెలిసినవాడు బ్యాంకు మేనేజరు ఎదుట నిలబడి లిఖితపూర్వకంగా అడుగుతాడు: ఏ పోలీసు స్టేషను, ఏ ఫిర్యాదు సంఖ్య, ఎంత మొత్తం? ఆ రోజు ఆ సమయానికి అమ్మిన సరుకు బిల్లు జతచేస్తాడు. తెలియనివాడు దళారీ దగ్గరకు వెళతాడు. మనమే మోసపోతే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలన్న ఒక్క విషయం ప్రతి దుకాణం గోడ మీద వ్రాసి ఉండాలి.

ఇంతవరకు చెప్పినవి ఆత్మరక్షణకు సంబంధించినవి. హక్కుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుండి సరుకు లేదా సేవ పొందినవారు, ఒప్పందం ఉన్నప్పటికీ, 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించాలి. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులు. పెద్ద కాంట్రాక్టరుకు గ్రిల్స్ చేసి ఇచ్చిన వెల్డరు, పాఠశాలకు యూనిఫారాలు కుట్టి ఇచ్చిన దర్జీ నెలల తరబడి తిరగవలసిన అవసరం చట్టం దృష్టిలో లేదు. ఆలస్యమైతే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అది రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళుతుంది. ఆలస్యానికి చట్టం వడ్డీ కూడా ఇప్పిస్తుంది. వడ్డీ ముట్టనివారు కనీసం తమ అసలు కోసమైనా ఈ మార్గాన్ని ఉపయోగించుకోవచ్చు.

అయితే ఈ తలుపు తెరుచుకోవాలంటే సరుకు ఇవ్వడానికి ముందే ఉద్యమ్ నమోదు ఉండాలి, చేతిలో బిల్లు ఉండాలి. 2020 జులై 1 నుండి ఉన్న ఈ నమోదుకు ప్రభుత్వం పైసా కూడా వసూలు చేయదు. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. అయినా దీనికి వేల రూపాయలు గుంజే ఏజెంట్లు, ప్రభుత్వ వెబ్‌సైటును పోలిన నకిలీ సైట్లు కోకొల్లలు. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి: కేవలం కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నమోదు వల్ల ప్రాధాన్య రంగ రుణాల ప్రయోజనమే ఉంది, ఈ 45 రోజుల రక్షణ వారికి లేదు. తయారీదారులకు, సేవలందించేవారికి ఉన్న హక్కు ఇది. ఏది మనకు వర్తిస్తుందో, ఏది వర్తించదో తెలియడం కూడా నాయకత్వంలో భాగమే.

ఇల్లు దాటి బయటకు రాని మహిళల శ్రమ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముస్లిం మహిళలలో ఇంటి వద్దనే పనిచేసేవారు ఎక్కువని సచార్ కమిటీయే గుర్తించింది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. లాడ్ బజార్ కీర్తి పెరిగినందుకు అందరం గర్వించాము. కాని కొలిమి దగ్గర కూర్చుని లక్కను మలిచే చేతికి, ఒక్కొక్క రాయిని అతికే చేతికి ఆ గుర్తింపు విలువ ఎంత చేరుతోంది? డజనుకు ఇంత అని కూలి నిర్ణయించే మధ్యవర్తి మారలేదు. 2023 అక్టోబరు 1 నుండి ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. టర్నోవర్ పరిమితిలోపు ఉన్న చిన్న విక్రేతలు జీఎస్టీ నమోదు లేకుండానే, పాన్ ఆధారంగా ఒక ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య తీసుకుని, తమ రాష్ట్రంలోపల ఆన్‌లైన్ వేదికలపై సరుకు అమ్ముకోవచ్చు. కుట్టుపని, అల్లిక, పచ్చళ్ళు, గాజులు చేసే మన ఆడపడుచులకు ఇది తెరిచిన ద్వారం. ఆమె పేర ఖాతా, ఆమె చేతిలో ఫోన్, ధర నిర్ణయించడంలో ఆమె మాట: ఈ మూడూ లేకుండా కేవలం ఫొటోలు తీసి భర్త వాట్సాప్‌లో పెడితే ఆమె మళ్ళీ కూలి మనిషిగానే మిగిలిపోతుంది.

"మా వయసు అయిపోయింది, ఇక పిల్లలే చూసుకుంటారు" అని నా వయసువారు అంటుంటారు. కొడుకు సహాయం తీసుకోవడంలో తప్పు లేదు. కాని కొడుకు గల్ఫ్ వెళ్ళిన నాడు, అకౌంటెంట్ మారిన నాడు, గుమస్తా మానేసిన నాడు దుకాణం ఆగిపోతే దానిని సహాయం అనలేము, పరాధీనత అనాలి. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య గడిపినవాడిగా ఒక మాట చెబుతాను. సెక్షన్‌లో సంతకం పెట్టే అధికారి ప్రతి కాగితాన్నీ స్వయంగా వ్రాయడు. కాని దేని మీద సంతకం పెడుతున్నాడో అతనికి తెలిసి తీరాలి. దుకాణ యజమాని స్థానం కూడా అదే. టైపు చేయడం రాకపోయినా ఫరవాలేదు. వారానికి ఒకసారి లెక్క చూపమని అడగడం, ఖాతాకు అనుసంధానమైన మొబైల్ నంబరు తనదిగా ఉంచుకోవడం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం, కొత్త గుమస్తాకు ఈ పద్ధతి నేర్పించడం అతని బాధ్యత. లావాదేవీని వ్రాసి పెట్టుకోవడం మనకు పరాయి సంస్కృతి కూడా కాదు. ఖురాన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పు వ్యవహారాలను వ్రాతపూర్వకంగా ఉంచుకోవడాన్ని గురించినదేనని మన పిల్లలకు సైతం తెలుసు.

బాధ్యతను పూర్తిగా వ్యాపారుల మీదనే నెట్టి ప్రభుత్వాలు తప్పించుకోరాదు. ఆంగ్లంలో వచ్చిన నోటీసును చదువలేక కంగారుపడిన వ్యాపారికి తెలుగులోనూ, ఉర్దూలోనూ దానిని పంపవలసిన బాధ్యత పాలకులది. రెండు తెలుగు రాష్ట్రాలలోని మైనారిటీ ఆర్థిక సంస్థలు యూనిట్లు మంజూరు చేసి చేతులు దులుపుకోకుండా, రుణంతోపాటు లెక్కలు, పోర్టళ్ళు, సైబర్ భద్రతపై కొన్ని రోజుల శిక్షణను జతచేయాలి. శిక్షణ దుకాణం మూసే వేళకు, బజారుకు దగ్గరలో జరగాలి. పట్టపగలు జిల్లా కేంద్రంలో పెట్టే శిబిరానికి ఒంటరిగా దుకాణం నడిపేవాడు రాలేడు. సామాన్య వ్యాపారి తప్పు చేశాడని తేల్చడానికి ముందు అతని వాదన వినే సహాయ కేంద్రం ప్రతి సర్కిల్‌లోనూ ఉండాలి. ఇవి దానంగా కోరుతున్నవి కావు, పన్ను చెల్లించే పౌరులుగా మన హక్కులు.

ప్రభుత్వం కదిలేవరకు మనం ఆగవలసిన పని లేదు. ప్రతి పట్టణంలో మనకు పాఠశాలలు, షాదీఖానాలు, మస్జిద్ కమిటీలు ఉన్నాయి. బీకాం చదివి ఇంట్లో ఉన్న అమ్మాయిలు, కంప్యూటర్ తెలిసిన అబ్బాయిలు, నా వంటి పదవీ విరమణ పొందిన గుమస్తాలు ఉన్నారు. వారానికి ఒక సాయంత్రం, ఇషా నమాజు తరువాత గంటసేపు, పదిమంది దుకాణదారులను కూర్చోబెడదాం. మొదటి వారం ఖాతాలు వేరు చేయడం, రెండవ వారం ఉద్యమ్ నమోదు, మూడవ వారం బిల్లు వ్రాయడం, నాలుగవ వారం మోసాల నుండి జాగ్రత్త. మహిళలకు పగటిపూట, మహిళలే నేర్పే తరగతి వేరుగా పెడదాం. మతభేదం లేకుండా పక్క దుకాణదారునికీ ఆ తరగతిలో చోటిద్దాం. బజారులో అతని కష్టమూ మన కష్టమూ ఒక్కటే.

తాతల నాటి దుకాణాన్ని నిలబెట్టింది తూకంలో నిజాయితీ, మాట మీద నిలకడ. ఆ రెండింటికీ ఇప్పుడు లెక్క కూడా తోడు కావాలి. ఈ నెల పత్రిక చదివి మూసే ముందు ప్రతి యజమాని ఒక చిన్న పని చేయాలని నా మనవి. తన వ్యాపారానికి సంబంధించిన ఖాతాలు, పోర్టళ్ళు, వాటికి అనుసంధానమైన ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద వ్రాసి చూసుకోవాలి. వాటిలో తన చేతిలో లేనివి ఎన్ని ఉన్నాయో తేలిన తరువాత, ఒక్కొక్కటిగా తిరిగి తీసుకోవడం ప్రారంభించాలి.