కొత్త కార్డు, పాత లెక్క

మా న్యాల్‌కల్ దిక్కు ఎద్దును కొనేవాడు ముందు పండ్లు పట్టి చూస్తాడు, నడిపించి చూస్తాడు, ధర ఆఖరుకు అడుగుతాడు. గ్రాఫిక్స్ కార్డు కొనే మన విద్యార్థులం మాత్రం పెట్టె మీది నంబరు చూసి మురిసిపోతాం. ఇది నాకు నచ్చని పద్ధతి. నేనూ ఆ మురిసినవాళ్లలో ఒకణ్ణే లెండి.

నిరుడు చెరకు బిల్లు రాగానే నాయిన ఇరవై అయిదు వేలు పక్కకు పెట్టి, "నీ మిషనుకు ఏం గావాల్నో చూస్కో. గాని గది ఎన్నేండ్లు నడుస్తదో చెప్పు" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకబోయి రెండు నోటుబుక్కులు నింపిన.

నా దగ్గరున్నది జీటీఎక్స్ 1650. 2019లో వచ్చింది. 4 జీబీ మెమరీ. 75 వాట్లే గనుక వేరే వైరు లేకుండా బోర్డు నుంచే కరెంటు తీసుకుంటుంది. దాని స్థానంలో ఏది? 2021 నాటి ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ ఉంది గాని 170 వాట్లు తాగుతుంది. 2023లో వచ్చిన 4060 ఆటల్లో దానికన్న వేగం, 115 వాట్లతో సరిపెట్టుకుంటుంది, కాని మెమరీ 8 జీబీకి తగ్గింది. కొత్తదంటే అన్నిట్లో మేలనే మిత్రులు ఇక్కడ కొంచెం ఆగాలి. మెషీన్ లెర్నింగ్ మోడల్ మెమరీలో పట్టనే పట్టకపోతే వేగం ఉండి ఏం లాభం? పైగా 4060 బోర్డుతో ఎనిమిది దారుల్లోనే మాట్లాడుతుంది. నా పాత బోర్డులో ఒక్కో దారి వేగం సగమే.

ఇంకో సంగతి. ఈ రెండిట్లో ఏది కొన్నా నా పవర్ సప్లయి మార్చాలి. ఆ ఖర్చు కార్డు ధరలో కలిపి రాసేవాళ్లు తక్కువ. అయిదు హెచ్‌పీ మోటారు కొని సన్న పైపు బిగించినట్టే ఇది.

సెకండ్ హ్యాండ్ కూడా చూసిన. 2021లో ఈథీరియం తవ్వేవాళ్లు కార్డులు ఎగబడి కొన్నారు. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మారగానే అవన్నీ బజారుకెక్కాయి. సికింద్రాబాదులో ఒక దుకాణదారు 3060ని సగం ధరకిస్తానన్నాడు. ఎన్ని నెలలు రాత్రింబగళ్లు నడిచిందంటే నవ్విండు. వారంటీ మాట ఎత్తితే ఆ నవ్వూ పోయింది.

చివరకు నా కళ్లు తెరిపించింది మానిటరు. అది సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. కార్డు 120 ఫ్రేములు ఇచ్చినా మిగతావి నిండిన తొట్టి మీద పారిన నీళ్లే.

ఇంకో 8 జీబీ ర్యామ్ మాత్రం కొన్న. మెషీన్ లెర్నింగ్ పనికి గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా దొరికినంతసేపు వాడుకుంటున్న. మిగిలిన పైసలు నాయినకిస్తే అల్లం విత్తనానికైనయి. ఆటలు మాత్రం ఇంకా తక్కువ సెట్టింగుల్లోనే ఆడుతున్న. పక్క గదివాడి 4060ని చూసినప్పుడు మనసు పీకుతది, అబద్ధమెందుకు.